జనరల్ జియాప్ జీవితం చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చదవాలి

వియత్నాం అంటే హో చి మిన్ తర్వాత వెంటనే నోట్లోకి వచ్చే పేరు జనరల్ జియాప్. ఫ్రెంచ్ వాళ్ళని ఓడించాడు, అమెరికాని ఓడించాడు, గెరిల్లా యుద్ధంలో మొనగాడు, ఇంతవరకు అందరికీ తెలుసు. సరే ఇంకొంచెం లోతుగా చదువుదాం అని కూర్చుంటే మాత్రం బుర్ర తిరుగుతుంది, ఎందుకంటే మనిషి 102 ఏళ్ళు బతికాడు, అందులో ముప్పై ఏళ్ళు యుద్ధమే, ఒక్కో కొండకి రెండు పేర్లు, ఒక్కో నాయకుడికి మూడు నాలుగు పేర్లు, పైగా రాసినవాళ్ళలో సగం మంది దేవుడంటారు, సగం మంది సైనికుల ప్రాణాలంటే లెక్కలేనివాడంటారు. వియత్నాం విప్లవ సైన్యంలో ఏ జనరల్ జీవితం చదవడానికైనా పనికొచ్చే పద్ధతి ఒకటి చెప్తా, జియాప్‌నే ఉదాహరణగా పెట్టుకుని. పద్ధతి అంతా ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది: ఏ సంవత్సరంలో ఏ నిర్ణయం నిజంగా ఈ మనిషి చేతిలో ఉంది? ఆ ప్రశ్న వదిలేస్తే చివరికి పొగడ్తో తిట్టో తప్ప ఏమీ మిగలదు.

ముందు పేర్ల గొడవ వదిలించుకోండి. వో గుయెన్ జియాప్‌లో వో అనేది ఇంటిపేరు, మనలాగే వాళ్ళు కూడా ఇంటిపేరు ముందు పెడతారు, పిలిచేది మాత్రం చివరి పేరుతో. అందుకే జనరల్ జియాప్ అంటారు గానీ జనరల్ వో అనరు. తెలుగులో గియాప్ అని కూడా రాస్తారు, ఉత్తర వియత్నాం వాళ్ళు పలికేది దాదాపు జాప్ అని, కాబట్టి వెతికేటప్పుడు మూడూ కొట్టి చూడండి. తర్వాత మారుపేర్లు. రహస్యంగా పనిచేసిన తరం కదా, అందరికీ ఉంటాయి. జియాప్‌ని సహచరులు వాన్ అని పిలిచేవాళ్ళు, ఇంకో పెద్ద జనరల్ గుయెన్ చి థాన్ పుట్టినప్పటి పేరు గుయెన్ విన్, చాన్ వాన్ ట్రా అసలు పేరు గుయెన్ చాన్. ఈ పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోకపోతే ఒకే మనిషిని ఇద్దరనుకుని చదివేస్తారు.

ర్యాంకులు కూడా అంతే. వియత్నాం సైన్యంలో జనరల్స్‌కి నాలుగు మెట్లు, ఒక నక్షత్రం నుంచి నాలుగు నక్షత్రాల దాకా, మార్షల్ అనే ర్యాంకు లేదు. జియాప్‌కి 1948 జనవరిలో హో చి మిన్ సంతకంతో నేరుగా నాలుగు నక్షత్రాల ర్యాంకు ఇచ్చారు, అప్పటికి ఆయనకి 36 ఏళ్ళు, ఏ మిలిటరీ అకాడమీలోనూ చదవలేదు, కింది ర్యాంకులు ఏవీ చేయలేదు. 1959లో గుయెన్ చి థాన్‌కి ఆ ర్యాంకు వచ్చేదాకా దేశం మొత్తానికి ఆ స్థాయిలో జియాప్ ఒక్కడే. అయితే ర్యాంకు చూసి అధికారం అంచనా వేయకండి, అక్కడ అసలు బలం కమ్యూనిస్టు పార్టీ కుర్చీలో ఉంటుంది. పార్టీని నడిపే పై కమిటీ పొలిట్‌బ్యూరోలో ఉన్నాడా, అందులో ఎన్నో స్థానం, పార్టీ మిలిటరీ కమిషన్ సెక్రటరీ ఎవరు, ఇవే చూడాలి. కింద దళాల్లో కూడా కమాండర్ పక్కన పార్టీ తరఫున పొలిటికల్ కమిస్సార్ అని ఇంకో మనిషి ఉంటాడు, కమాండర్ ఒక్కడే సొంతంగా ఆర్డర్ వేసేస్తాడు అనుకుంటే తప్పు. కాబట్టి నోట్‌బుక్‌లో నాలుగు గళ్ళు గీసుకోండి: సంవత్సరం, పార్టీ పదవి, సైన్యంలో పదవి, ఆ రోజు మనిషి ఉన్న చోటు. నాలుగో గడి చిన్న విషయంలా కనిపిస్తుంది, దాని పని తర్వాత తెలుస్తుంది.

ఇప్పుడు చదవడం. 1911 ఆగస్టు 25, అప్పటి క్వాంగ్ బిన్ రాష్ట్రం, లె థూయ్ జిల్లా, అన్ సా గ్రామం అని పుట్టుక నుంచి మొదలుపెట్టకండి, నడిమధ్యలో 1954 జనవరి 26న మొదలుపెట్టండి. ఆ ఒక్క రోజు అర్థమైతే మిగతా జీవితం ముందుకీ వెనక్కీ సులువుగా విప్పుకోవచ్చు.

కథ ఏంటంటే, 1953 నవంబర్ 20న ఫ్రెంచ్ వాళ్ళు లావోస్ సరిహద్దు దగ్గర దియన్ బియన్ ఫూ లోయలో పారాచూట్ దళాలని దింపారు. లోయ పొడవు ఇంచుమించు పదిహేను కిలోమీటర్లు, చుట్టూ కొండలు, మధ్యలో రన్‌వే. ఇండోచైనాలో ఫ్రెంచ్ సేనాని జనరల్ నవార్ లెక్క ఏంటంటే సప్లై అంతా విమానాల్లో వస్తుంది, వియత్ మిన్ (హో చి మిన్ నడిపిన స్వాతంత్ర్య సంస్థ) వాళ్ళు వస్తే మైదానంలో పేల్చేయొచ్చు, ఈ అడవుల్లోకి పెద్ద ఫిరంగులు మోసుకురావడం వాళ్ళ వల్ల అయ్యే పని కాదు. జియాప్ సైన్యం వచ్చింది, ఫిరంగులు కూడా వచ్చాయి. 105 ఎంఎం ఫిరంగి ఒక్కోటి రెండు టన్నుల పైన బరువు, లారీలు వెళ్ళలేని చోట తాళ్ళు కట్టి, రాత్రిపూట, వందల మంది ఒక్కో దాన్ని కొండల మీదుగా లాగారు. చైనా సలహాదారులు, జియాప్ కింది అధికారులు అంతా కలిసి వేసుకున్న ప్లాన్, ఫ్రెంచ్ వాళ్ళు ఇంకా గట్టిపడకముందే ఒకేసారి మీద పడి రెండు మూడు రోజుల్లో ముగించేయాలని. దాడికి జనవరి 25 అని ముహూర్తం పెట్టుకుని ఒక రోజు వాయిదా వేశారు, అంతలో జియాప్ మనసు మారింది.

ఆయన జ్ఞాపకాల్లో ఈ భాగం దొరికితే నిదానంగా చదవండి. రాత్రంతా నిద్ర లేదు, తలనొప్పి, డాక్టర్ నుదుటికి మాచిపత్రి కట్టాడు, పొద్దున్నే ఆ కట్టుతోనే చైనా సలహాదారు వెయ్ గువోచింగ్ దగ్గరికి వెళ్ళాడు, ఆయన ఆ కట్టు చూసి ఒంట్లో ఎలా ఉందని అడిగాడు. జియాప్ చెప్పిన కారణాలు చాలా మామూలు కారణాలు: మన దళాలు ఇప్పటిదాకా ఒక బెటాలియన్ కంటే పెద్ద స్థావరాన్ని పట్టుకోలేదు, పదాతి దళం ఫిరంగులతో కలిసి ఇంత పెద్ద ఎత్తున ఎప్పుడూ పోరాడలేదు, రాత్రిపూట యుద్ధం అలవాటైన సైన్యాన్ని పట్టపగలు బోడి మైదానంలోకి, శత్రువు విమానాల కిందకి పంపాలి. బయలుదేరే ముందు హో చి మిన్ చెప్పింది ఒక్కటే, గెలుపు ఖాయమైతేనే కొట్టు, లేకపోతే కొట్టకు, రంగంలో నిర్ణయం నీదే అని. ఆ మాట పట్టుకుని జియాప్ దాడి రద్దు చేశాడు.

రద్దు అనేది కాగితం మీద ఒక పదం, అక్కడి సైనికుడికి దాని అర్థం ఏంటో చూడండి. అన్ని రాత్రులు చెమటోడ్చి లోపలికి లాగిన ఫిరంగుల్ని మళ్ళీ బయటికి లాగాలి. లాగడానికి కారణం కూడా అందరికీ చెప్పలేరు. అలా వెనక్కి లాగుతున్నప్పుడే ఫిబ్రవరి 1న తాడు తెగి ఒక విమాన విధ్వంసక ఫిరంగి లోయలోకి జారబోతుంటే తో విన్ దియన్ అనే సైనికుడు చక్రం కింద తన ఒళ్ళు అడ్డం వేసి ఆపి ప్రాణం వదిలాడు, వియత్నాంలో స్కూలు పిల్లలకి కూడా ఆ పేరు తెలుసు. తర్వాత నెలన్నర రోడ్లు వేశారు, కొండల ముందు వాలులోనే గుహల్లా తవ్వి ఒక్కో ఫిరంగిని విడివిడిగా దాచారు, పైనుంచి విమానానికి కనిపించదు, కింద రన్‌వే మాత్రం వాళ్ళకి స్పష్టంగా కనిపిస్తుంది. మార్చి 13న దాడి మొదలైంది, మొదటి రాత్రికే హిమ్ లామ్ స్థావరం పోయింది, ఇదే ఫ్రెంచ్ పుస్తకాల్లో బియాట్రిస్ అని ఉంటుంది. వియత్నాం ఫిరంగుల్ని నోరు మూయిస్తానని ధీమాగా ఉన్న ఫ్రెంచ్ ఫిరంగి దళం కమాండర్ పిరోత్ రెండు రోజుల్లోనే గ్రెనేడ్‌తో ఆత్మహత్య చేసుకున్నాడు. రన్‌వే మూతపడింది, కందకాలు రోజురోజుకీ దగ్గరికి పాక్కుంటూ వచ్చాయి, మే 6 రాత్రి ఎ1 కొండ కింద సొరంగం తవ్వి దాదాపు టన్ను మందుగుండు పేల్చారు, మే 7 సాయంత్రానికి అక్కడి ఫ్రెంచ్ కమాండర్ జనరల్ ద కాస్త్రీ పట్టుబడ్డాడు. మొత్తం 56 రోజులు. మర్నాడే జెనీవాలో ఇండోచైనా మీద చర్చలు మొదలయ్యాయి.

ఈ ఘట్టం చదివేటప్పుడు వ్యూహం మ్యాప్ ఒక్కటే చూడకండి, బియ్యం లెక్క కూడా చూడండి. వియత్నాం లెక్కల ప్రకారం 2 లక్షల 60 వేల మందికి పైగా సామాన్య జనం మోతకి వచ్చారు, 20 వేలకి పైగా సైకిళ్ళు వాడారు. సైకిల్ అంటే తొక్కడానికి కాదు, హ్యాండిల్‌కి ఒక వెదురు కర్ర, సీటు దగ్గర నిలువుగా ఇంకో కర్ర కట్టి, రెండు వైపులా బస్తాలు వేలాడదీసి పక్కన నడుస్తూ తోయడం. రెండు వందల కేజీలు మామూలు మోత, మొనగాళ్ళు మూడు వందలు దాటించారు. నన్నడిగితే జియాప్ అసలు ప్రతిభ ఇక్కడే ఉంది, ఫలానా కొండని ఎలా పట్టుకోవాలి అనేదాని కంటే ఈ బియ్యం ఎన్ని రోజులొస్తుంది, వానలు ఎప్పుడు పడతాయి, ఇంకా ఎన్నాళ్ళు కూర్చోగలం అనేది లెక్కకట్టడంలో.

ఇది అయ్యాక వెనక్కి వెళ్ళండి. అన్ సాలో పుట్టిన పిల్లాడు హ్యూలో హో చి మిన్ చదివిన స్కూల్లోనే చేరి, 1927లో విద్యార్థుల సమ్మెలో ఉన్నందుకు బయటికి గెంటించుకుని, 1930లో జైలుకెళ్ళి, ఆ తర్వాత హనోయ్‌లో లా డిగ్రీ తెచ్చుకుని, థాంగ్ లాంగ్ అనే ప్రైవేట్ స్కూల్లో చరిత్ర టీచర్‌గా పనిచేశాడు, నెపోలియన్ యుద్ధాలంటే పిచ్చి. 1940లో, తర్వాత ప్రధాని అయిన ఫామ్ వాన్ దోంగ్‌తో కలిసి సరిహద్దు దాటి చైనా వెళ్ళి హో చి మిన్‌ని కలిశాడు. భార్య క్వాంగ్ థాయ్‌ని, చిన్న కూతుర్ని వదిలి వెళ్ళాడు. క్వాంగ్ థాయ్‌ని ఫ్రెంచ్ వాళ్ళు అరెస్ట్ చేశారు, హనోయ్‌లో హోవా లో జైల్లో ఉండగానే చనిపోయింది, ఆ కబురు ఆయనకి 1945లో గానీ చేరలేదు. ఆవిడ అక్క, కమ్యూనిస్టు నాయకురాలు గుయెన్ థి మిన్ ఖాయ్‌ని 1941లో కాల్చి చంపారు. 1947లో జియాప్ తండ్రి కూడా ఫ్రెంచ్ వాళ్ళ చేతికి చిక్కి ఆ చెరలోనే పోయాడు. ఈ నాలుగు వాక్యాలు నోట్‌బుక్‌లో ఒకే పేజీలో రాసుకోండి, తర్వాత ఆయన మొండితనం గురించి ఎవరైనా విశ్లేషణ రాస్తే దీని పక్కన పెట్టి చూడొచ్చు.

1944 డిసెంబర్ 22, కావో బాంగ్ రాష్ట్రం, చాన్ హంగ్ దావో అడవి. 34 మంది, అందులో ముగ్గురు ఆడవాళ్ళు, జియాప్ ముందు నిలబడి ప్రమాణం చేశారు, ఇవాళ్టి వియత్నాం సైన్యం పుట్టినరోజు అదే. దళం పేరులో ప్రచారం అనే మాట ఉంది, గమనించండి, తుపాకీ కంటే ముందు జనాన్ని తమ వైపు తిప్పుకోవడం పని. అయినా హో చి మిన్ మొదటి దెబ్బ తప్పకుండా గెలవాలన్నాడు కాబట్టి మూడు నాలుగు రోజుల్లోనే ఫాయ్ ఖాత్, నా ఙాన్ అనే రెండు చిన్న ఔట్‌పోస్టులు పట్టుకున్నారు. 34 మందితో మొదలైన ఈ సైన్యం పదేళ్ళ లోపే దియన్ బియన్ ఫూకి చేరింది, ఆ పదేళ్ళలో ఏం జరిగిందనేదే తర్వాత చదవాల్సింది.

అక్కడ చాలామంది గబగబా దాటేసే చోట్లు రెండున్నాయి. ఒకటి 1946 వేసవి. హో చి మిన్ చర్చలకి ఫ్రాన్స్ వెళ్ళినప్పుడు ఇక్కడ పోటీ జాతీయవాద పార్టీల మీద దాడులు, అరెస్టులు, చంపడాలు జరిగాయి, అందులో జియాప్ పాత్ర పెద్దది. అభిమానులు రాసిన వాటిలో ఇది ఒక లైన్‌లో పోతుంది, చాలాసార్లు ఆ లైన్ కూడా ఉండదు. రెండోది 1951. అంతకు ముందు ఏడాది చైనా సరిహద్దులో దోంగ్ ఖే దగ్గర గెలిచి ఊపు మీదున్న జియాప్ ఎర్ర నది డెల్టాలోకి నేరుగా దిగాడు, విన్ యెన్, మావో ఖే, డే నది, మూడు చోట్లా దెబ్బ తిన్నాడు. ఎదురుగా ఫ్రెంచ్ సేనాని జనరల్ ద లాత్ర్, విమానాల నుంచి నాపామ్ అనే నిప్పు బాంబులు. బయట మైదానంలో మంద మందగా వెళ్ళిన వాళ్ళు వేలల్లో పోయారు. 1952 చివర్లో నా సాన్ అనే కోట లాంటి స్థావరం మీద కూడా ఫలితం రాలేదు. ఇవి చదవకుండా 1954 జనవరి 26 నిర్ణయం ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు, నుదుటి మీద మాచిపత్రి కట్టు ఉన్న మనిషి కళ్ళ ముందు ఆ రాత్రి కనిపించింది విన్ యెనే అయ్యుంటుందని నా ఊహ.

అంకెల దగ్గర జాగ్రత్త. దియన్ బియన్ ఫూలో చనిపోయిన తమ వాళ్ళు 4,020 అని వియత్నాం అధికారిక లెక్క, పాశ్చాత్య అంచనాలు 8,000 దాకా వెళ్తాయి. ఎవరిది నిజం అని అక్కడే కొట్టుకోకుండా రెండు అంకెలూ, ఎవరు చెప్పారో పేరుతో సహా రాసుకోండి. ఒక పుస్తకం ఒక్క అంకె మాత్రమే ఇచ్చి పోతోందంటే ఆ రచయిత ఎటు నిలబడ్డాడో ఇట్టే తెలిసిపోతుంది. కొండల పేర్లకి కూడా ఇదే పని చేయాలి, ఎ1 అంటే ఫ్రెంచ్ వాళ్ళకి ఎలియాన్ 2, దోక్ లాప్ అంటే గాబ్రియెల్.

ఇక కష్టమైన భాగం, అమెరికా యుద్ధం. 1954 తర్వాత దేశం ఉత్తరం, దక్షిణం అని రెండైంది, జియాప్ వాళ్ళది ఉత్తరం, దక్షిణానికి అండగా అమెరికా. నాలుగు గళ్ళ నోట్‌బుక్ ఇక్కడ పనికొస్తుంది. పైకి చూస్తే జియాప్ రక్షణ మంత్రి, సర్వసేనాని, పొలిట్‌బ్యూరో సభ్యుడు, కాబట్టి 1975 దాకా యుద్ధం అంతా ఆయనే నడిపాడని రాసేస్తారు. కానీ 1960 నుంచి పార్టీ పగ్గాలు లె జువాన్ చేతిలో ఉన్నాయి, ఆయన పక్కన ఇంకో పొలిట్‌బ్యూరో నాయకుడు లె దుక్ థో. దక్షిణాన పెద్ద దళాలతో అమెరికాని ఎదురుగా ఢీకొట్టాలన్న గుయెన్ చి థాన్ వాదనకి అక్కడ బలం ఎక్కువ, జియాప్ మాత్రం గెరిల్లా పద్ధతిలో నెమ్మదిగా వెళ్దామనేవాడు. గుయెన్ చి థాన్ 1967 జూలైలో హఠాత్తుగా చనిపోయాడు. అదే ఏడాది పార్టీ వ్యతిరేకులని ముద్ర వేసి చాలామందిని అరెస్ట్ చేశారు, వాళ్ళలో జియాప్‌కి దగ్గరి వాళ్ళు కొందరున్నారు. ఇప్పుడు నాలుగో గడి చూడండి: 1968 జనవరి ఆఖర్లో టెట్ దాడి (టెట్ అనే కొత్త సంవత్సరం పండగప్పుడు దక్షిణాది నగరాల మీద ఒకేసారి చేసిన దాడి) మొదలైనప్పుడు జియాప్ ఎక్కడున్నాడు? హంగేరీలో, వైద్యం పేరుతో. జనమంతా ఒక్కసారిగా తిరగబడతారన్న లెక్క మీద ఆయనకి మొదట్నుంచీ అనుమానమే. అయినా ఇవాళ్టికీ టెట్ జియాప్ బుర్రలో పుట్టిన ప్లాన్ అని రాసే వ్యాసాలు కుప్పలు. అలాంటిది కనిపిస్తే ఆ వ్యాసంలో మిగతావి కూడా రెండోసారి సరిచూసుకోండి.

అలాగని ఆయన్ని ఉత్సవ విగ్రహం చేసేయకండి. చువాంగ్ సన్ కొండల మీదుగా దక్షిణానికి సరుకు తోలిన దారి, అదే హో చి మిన్ ట్రైల్, 1959 మే నుంచి 559 దళం నడిపింది, ఆ మోత పని అంతా జియాప్ శైలే. 1975లో రంగంలో ఉండి చివరి దాడి నడిపింది సైన్యం చీఫ్ ఆఫ్ స్టాఫ్ వాన్ తియన్ జుంగ్, హనోయ్‌లో కూర్చుని ఏప్రిల్ 7న అందరికీ వెళ్ళిన టెలిగ్రామ్ జియాప్‌ది: వేగం, ఇంకా వేగం, తెగువ, ఇంకా తెగువ, ప్రతి గంట ప్రతి నిమిషం వదలకండి అని. 1954 నుంచి ఓపిక పట్టు, తొందరపడకు అంటూ వచ్చిన మనిషి ఇక్కడ తొందరపడండి అన్నాడు, అందుకే నాకు ఆ టెలిగ్రామ్ అంటే ఇష్టం. ఏప్రిల్ 30న దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడింది.

1975 తర్వాత పుస్తకాలు మూసేసేవాళ్ళే ఎక్కువ, మీరు మూయకండి. 1980లో రక్షణ శాఖ వాన్ తియన్ జుంగ్‌కి వెళ్ళిపోయింది, 1982లో పొలిట్‌బ్యూరో నుంచి తప్పించారు, 1991 దాకా ఉప ప్రధానిగా ఉన్నాడు గానీ చేతిలో ఉన్నవి సైన్స్, చదువుల లాంటి శాఖలు, ఆఖరికి దియన్ బియన్ ఫూ విజేతకి కుటుంబ నియంత్రణ కమిటీ అప్పజెప్పారు, దాని మీద హనోయ్ జనం బోలెడు జోకులేసుకున్నారు. ఆయన మాత్రం బహిరంగంగా ఒక్క మాట అనలేదు. 1995 నవంబర్‌లో, యుద్ధకాలంలో అమెరికా రక్షణ మంత్రిగా ఉన్న మెక్‌నమారా హనోయ్ వచ్చి, తమ ఓడల మీద దాడి జరిగిందని అమెరికా చెప్పిన 1964 ఆగస్టు 4న టాంకిన్ గల్ఫ్‌లో ఏం జరిగిందని అడిగితే ఏమీ జరగలేదన్నాడు. 2009లో, తొంభై ఏడేళ్ళ వయసులో, సెంట్రల్ హైలాండ్స్‌లో బాక్సైట్ గనుల్ని వ్యతిరేకిస్తూ ప్రభుత్వానికి ఉత్తరాలు రాశాడు. 2013 అక్టోబర్ 4న చనిపోతే హనోయ్‌లో 30 హోవాంగ్ జ్యూ వీధిలోని ఇంటి ముందు జనం గంటల తరబడి బారులు తీరారు, అందులో యుద్ధం చూడని కుర్రాళ్ళే చాలామంది. సమాధి హనోయ్‌లో పెద్ద నాయకుల పక్కన కాదు, పుట్టిన ప్రాంతం క్వాంగ్ బిన్‌లో సముద్రం ఒడ్డున వుంగ్ చువా దగ్గర.

కొటేషన్ల గురించి ఒక హెచ్చరిక. మేం ఇక లొంగిపోదామనుకున్నాం, మీ దేశంలో యుద్ధ వ్యతిరేక ఉద్యమమే మమ్మల్ని గెలిపించింది అని జియాప్ తన జ్ఞాపకాల్లో రాసినట్టు ఇంటర్నెట్‌లో ఏళ్ళ తరబడి తిరుగుతోంది. ఆయన పుస్తకాల్లో ఎక్కడా లేదది. ఏ కొటేషన్ అయినా ఏ పుస్తకం, ఏ ఇంటర్వ్యూ, ఏ ఏడాది అని లేకపోతే వాడొద్దు. ఆయన సొంత జ్ఞాపకాలు కూడా కళ్ళు మూసుకుని నమ్మేవి కావు, అవి పార్టీ అనుమతితో అచ్చయ్యేవి, తోటి నాయకుల మీద కోపం ఉన్నా అక్కడ కనిపించదు. ఎవరి పేరు రావాల్సిన చోట రాలేదో చూడటం మంచి పద్ధతి.

జియాప్ అయ్యాక అక్కడితో ఆగకుండా అదే కాలాన్ని ఇంకో ఇద్దరి వైపు నుంచి చదవండి. 1976లో వాన్ తియన్ జుంగ్ 1975 విజయం మీద రాసిన పుస్తకంలో జియాప్ ఎంత తక్కువగా కనిపిస్తాడో లెక్కపెట్టండి, తర్వాత దక్షిణాన పనిచేసిన చాన్ వాన్ ట్రా 1982లో రాసింది తీయండి, టెట్‌లో తమ బలాన్ని ఎక్కువ అంచనా వేసుకున్నామని ఆయన నిర్మొహమాటంగా రాశాడు, ఆ పుస్తకాన్ని అక్కడ అమ్మకాల నుంచి తీసేశారు. మూడు నోట్‌బుక్కులూ పక్కపక్కన పెట్టి 1968 జనవరి, 1975 ఏప్రిల్ పేజీలు తెరవండి, ముగ్గురి నాలుగో గళ్ళూ పోల్చి చూడండి.